బల్ల కింది ప్రదక్షిణ

నాకు చిన్నప్పటి నుంచీ ఒక సందేహం ఉంది. గుడి చుట్టూ తిరిగేటప్పుడు దేవుడు మన కుడిచేతి వైపు ఉండాలని పెద్దలు చెప్పారు. అలాగే ఉంచాను. పై నుంచి చూసేవారికి అది గడియారం ముల్లు తిరిగినట్టు కనిపిస్తుంది. అదే ప్రదక్షిణను పాతాళం నుంచి ఎవరైనా చూస్తే మాత్రం ముల్లు వెనక్కి తిరిగినట్టు ఉంటుంది. దేవుడు పైనా ఉన్నాడు, కిందా ఉన్నాడు అని చెప్పింది కూడా ఆ పెద్దలే. మరి మన పుణ్యాన్ని ఆయన ఏ వైపు నుంచి చూసి రాసుకుంటాడు?

తునిలో మా వీధి రామాలయం పూజారి గారిని ఒకసారి ఈ మాట అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ముందు తిరుగు నాయనా, నీ వెనకాల జనం ఆగిపోయారు" అన్నారు. తిరిగాను. అప్పటి నుంచి ఎన్ని గుళ్ళు తిరిగానో, సందేహం కూడా నాతోపాటే తిరుగుతూ వచ్చింది.

ఈ సందేహం వల్ల భారతదేశపు సెమీకండక్టర్ రంగానికి మేలు జరుగుతుందని నేనెన్నడూ అనుకోలేదు. జరిగింది. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నా పేరు రామబ్రహ్మం. బీకాం చదివాను. గచ్చిబౌలిలో ఒక అద్దాల భవనం అయిదో అంతస్తులో ఉన్న 'పరిభ్రమ సెమీకండక్టర్స్' అనే సంస్థలో అడ్మిన్ మేనేజరుగా పని చేస్తున్నాను. జనరేటర్ డీజిలు, మంచినీళ్ళ డబ్బాలు, ఐడీ కార్డుల తాళ్ళు, పూజలు నా శాఖలు. వీటిలో చివరిది అన్నిటికన్నా పెద్దది. మా సీఈఓ ఉదయ్ భాస్కర్ గారు కొత్త ఏసీకి పూజ చేయించారు, కొత్త సర్వరుకు చేయించారు, పాత సర్వరు కాలిపోయినప్పుడు శాంతి చేయించారు. అంతకు ముందు ఆయన కూరగాయల యాప్ నడిపేవారు. దేశానికి చిప్పులు కావాలని పేపర్లో చదివి చిప్పుల వైపు తిరిగారు. ఆ మార్పుకు ఆయనకు ఒక వీకెండు సరిపోయింది. దార్శనికులు అలాగే ఉంటారు.

కంపెనీ ప్రారంభోత్సవం నాడే ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ముహూర్తానికి కొట్టిన కొబ్బరికాయ లోపల కుళ్ళిపోయి ఉంది. ఉదయ్ భాస్కర్ గారి ముఖం చిప్ప కంటే తెల్లబడింది. అప్పుడు మా ప్యాంట్రీలో టీ ఇచ్చే జయమ్మ తన సంచిలోంచి ఒక కాయ తీసి ఇచ్చింది. ఖాజాగూడ గుట్టల దగ్గర మైసమ్మకు మొక్కు తీర్చడానికి కొనుక్కున్న కాయ అది. "రేపే తెచ్చిస్తానమ్మా" అన్నాను. ఆ కాయను కంపెనీ లెక్కల్లో పరిశోధన సామగ్రి కింద చూపించాం. ఇవ్వడం మాత్రం కుదరలేదు. నేను కాయ కొని తెచ్చిన ప్రతిసారీ ఆఫీసులో ఏదో ఒక పూజ తగిలేది, కాయ అక్కడ కొట్టబడేది. ఏళ్ళు గడిచాయి.

"సారూ, మైసమ్మ పరేషాన్ అయితున్నది" అనేది జయమ్మ టీ కప్పు నా బల్ల మీద పెడుతూ. "నా కాయ ఏడవోయిందే అని అడుగుతున్నది. నీ పేరు జెప్పిన. జర ఫికర్ జెయ్యి."

అమ్మవారి దగ్గర నా పేరు అలా నమోదై ఉండటం నాకు లోలోపల భయంగానే ఉండేది.

ఇక మా సంస్థ తయారు చేసేదేమిటో చెప్పాలి. చెప్పగలిగింది ఒక్కరే, రసజ్ఞ. మా ప్రయోగశాల మొత్తం ఆ అమ్మాయే. ఉదయ్ భాస్కర్ గారి ప్రసంగాల్లో 'మా శాస్త్రవేత్తల బృందం' అని వచ్చినప్పుడల్లా రసజ్ఞ ఒక్కతే లేచి నిలబడేది. ఒక రోజు ప్యాంట్రీలో టీ తాగుతూ, మీరు చేసేదేమిటమ్మా అని అడిగాను.

"ఎలక్ట్రానుకు స్పిన్ అని ఒక గుణం ఉంటుందండీ. ప్రతి ఎలక్ట్రాను మీదా ఒక చిన్న బాణం గుర్తు ఉందనుకోండి. ఇన్నాళ్ళూ ఆ బాణాన్ని తిప్పాలంటే అయస్కాంతం కావాలి. నా దగ్గరున్నది ఫెర్రో ఎలక్ట్రిక్ సెమీకండక్టర్, చాలా పలుచని పొర. దానికి అయస్కాంతం అక్కర్లేదు. కాస్త వోల్టేజి ఇస్తే చాలు, పొర లోపలి అమరిక తిరగబడుతుంది. దాంతోపాటు బాణాల వరస కూడా తిరగబడుతుంది."

"మళ్ళీ కరెంటు తీసేస్తే?"

"అదేనండీ గొప్ప. తీసేసినా చివరిసారి ఎటు తిప్పామో అటే ఉండిపోతుంది. మళ్ళీ ఎవరో వచ్చి ఎదురు వోల్టేజి ఇచ్చేదాకా మారదు. ఒక వైపుంటే ఒకటి, రెండో వైపుంటే సున్నా. కరెంటు అక్కర్లేని జ్ఞాపకం అన్నమాట."

మా మామగారు కూడా అలాంటివారే కనుక ఇంతవరకూ నాకు బాగానే అర్థమైంది.

"అయితే ఎలక్ట్రాను గిర్రున తిరుగుతుందన్నమాట."

రసజ్ఞ కాస్త ఇబ్బందిగా చూసింది. "స్పిన్ అంటాం గానీ, నిజానికి అది తిరగదండీ."

నేను గోడ వైపు చూశాను. గోడ మీద మా కంపెనీ చిహ్నం, తిరుగుతున్న చక్రం, పగలూ రాత్రీ వెలుగుతోంది. "తిరగని దానికి దిక్కేమిటమ్మా?"

"నేనూ మా గైడుని అదే అడిగానండీ. ముందు పరీక్షలో రాయి, అర్థం తర్వాత అవుతుందన్నారు."

నాకు మా పూజారి గారు గుర్తొచ్చారు. విద్య ఏదైనా గురువులు ఒకే రకంగా ఉంటారని తెలిసి తృప్తి కలిగింది.

రసజ్ఞ చేసిన పొరల్లో చాలావి అటూ ఇటూ తిప్పేసరికి చచ్చిపోయాయి. ఏళ్ళ తరబడి పొరలు తయారయ్యే పొయ్యి దగ్గర కూర్చుంటే ఒక్కటే బతికింది, గోరంత ముక్క. ఎన్నిసార్లు తిప్పినా తిరిగేది. ఆ పొయ్యి అద్దెది. డబ్బు పెట్టే వారెవరూ రాకపోతే పొయ్యిని వెనక్కి పంపించి, ప్రయోగశాల ఉన్న చోట సలాడ్ కౌంటరు పెట్టాలని బోర్డు నిర్ణయించింది. అందుకని, స్థలాల వ్యాపారంలో పేరు పొందిన పెద్దన్న గారు పెట్టుబడి పెట్టే ఉద్దేశంతో శనివారం వస్తున్నారని తెలియగానే రసజ్ఞ తిండి మానేసింది. ఆయన కళ్ళ ఎదుట ఆ పొర ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు తిరిగితే ఆమె ఇన్నేళ్ళ పని నిలబడుతుంది. లేకపోతే దాని మీద కీరాదోస ముక్కలు కోస్తారు.

సోమవారం రిహార్సలు జరిగింది. రసజ్ఞ తెర మీద రెండు బొమ్మలు చూపించింది. ఒక వలయంలో బాణాలు గడియారం తిరిగే వైపున్నాయి. రెండో వలయంలో దానికి ఎదురు దిశలో ఉన్నాయి. మొదటిది ఒకటి, రెండోది సున్నా అని వివరిస్తూ ఉండగా భీమేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు.

భీమేశ్వరరావు గారు మా సంస్థకు వాస్తు సలహాదారు. ఆయన సలహా మీదే సర్వరు గది ఆఫీసంతా తిరిగి చివరకు ప్యాంట్రీ పక్కన స్థిరపడింది, ఆడవాళ్ళ టాయిలెట్ వేరే అంతస్తుకు వెళ్ళిపోయింది. అంతటి మేధావి ఆ రెండో బొమ్మను చూసి చెవులు మూసుకున్నారు. కళ్ళు మూసుకోవలసింది, తొందరలో చెవులు మూసుకున్నారు.

"అప్రదక్షిణం!" అన్నారు. "ఉదయ్ గారూ, ఈ సంస్థలో ఇన్నాళ్ళుగా అప్రదక్షిణం జరుగుతోంది! అందుకే మనకు లాభాలు రాలేదు. కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు, ఒక్కొక్కటీ దేవుడికి ఎడమ చెయ్యి చూపిస్తూ వెళ్తున్నాయి. పెద్దన్న గారు పడమటి గుమ్మం ఉన్న ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆయనకు మీరు దీన్ని చూపిస్తారా?"

ఐఐటీల్లో చదివినవారు కూడా తమ తమ ఫోన్ల వైపు భక్తిగా చూసుకున్నారు.

ఉదయ్ భాస్కర్ గారు ఇలాంటి సమయాల్లోనే రాణిస్తారు. "ఫ్రెండ్స్, మనం వరల్డ్ క్లాస్. కానీ రూటెడ్. ప్రపంచమంతా ఎలక్ట్రాన్‌ని ఎటు పడితే అటు తిప్పుతోంది. ఒక విలువల్లేవు, ఒక క్రమం లేదు. ఎలక్ట్రాన్‌కి సంస్కారం నేర్పిన మొదటి కంపెనీ మనదే అవ్వాలి" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇకపై ఈ సంస్థ ఆవరణలోని ఎలక్ట్రాన్లన్నీ ప్రదక్షిణ మార్గంలోనే మెలగవలెనని అక్కడికక్కడే తీర్మానం అయింది.

"సార్, ఒకే వైపు ఉంచితే సున్నా రాయలేం" అంది రసజ్ఞ.

"సున్నా మనకెందుకమ్మా?" అన్నారు ఉదయ్ భాస్కర్ గారు ఆప్యాయంగా. "మనది గ్రోత్ కంపెనీ."

ఆ విధంగా ఒకటి తప్ప మరేదీ గుర్తుంచుకోలేని జ్ఞాపకశక్తి మా ఆఫీసులో రూపు దిద్దుకుంది. క్వాలిటీ విభాగం వారు దాన్ని రెండు రోజులు పరీక్షించారు. ఒకటి రాసి చదివితే ఒకటే వచ్చింది. ఏమీ రాయకుండా చదివినా ఒకటే వచ్చింది. తప్పుల సంఖ్య సున్నా అని నివేదికలో రాయబోయి, సున్నా నిషిద్ధం కనుక ఆ గడిని ఖాళీగా వదిలేశారు. చెడ్డ విషయం ఏదీ గుర్తుండని మెమరీ అని మార్కెటింగ్ వారు బ్రోచరు అచ్చు వేయించారు. ఎన్నికల కాలంలో దీనికి మంచి గిరాకీ ఉంటుందని ఒకరు సూచించారు కూడా.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఎవరైనా పొరపాటున వేలు తగిలించి పొరను రెండో వైపు తిప్పేస్తే ఎలా అని భీమేశ్వరరావు గారికి దిగులు పట్టుకుంది. శుక్రవారం ఉదయం మంచి ముహూర్తం ఉందనీ, అప్పుడు పెద్ద వోల్టేజి ఇచ్చి దాన్ని శాశ్వతంగా ప్రదక్షిణంలో ప్రతిష్ఠ చేసేద్దామనీ అన్నారు. కాయ తెచ్చే పని నాకు అప్పగించారు.

ఆ సాయంత్రం రసజ్ఞ నా బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అంత వోల్టేజి ఇస్తే పొర కాలిపోతుందండీ. నేను చెప్పాను. డేటా ఉందా అన్నారు. చూపించాను. నెగెటివ్‌గా ఆలోచించకు అన్నారు."

"నేనేం చెయ్యగలనమ్మా? డీజిలు విషయమైతే చెప్పు."

"మీరు పూజలు చేయించేవారు కదండీ, మీ మాటైతే వింటారు. ఏదో ఒకటి అడగండి. పనికిమాలినదైనా ఫర్వాలేదు. ముహూర్తం దాటేదాకా సాగితే చాలు."

పనికిమాలిన సందేహం నా దగ్గర ఒకటి చాలాకాలంగా సిద్ధంగా ఉన్న సంగతి ఆ అమ్మాయికి తెలియదు.

గురువారం ఏర్పాట్ల సమావేశంలో నేను చెయ్యెత్తాను. అడ్మిన్ వారు చెయ్యెత్తడం ఏసీ గురించే అయి ఉంటుందని అందరూ అనుకున్నారు. "నాదొక సందేహమండీ" అన్నాను. "పై నుంచి చూస్తే ప్రదక్షిణమే. కింద నుంచి చూస్తే అదే అప్రదక్షిణం కదండీ. మనం శాశ్వతంగా ప్రతిష్ఠ చేసేస్తే, నాలుగో అంతస్తు వాళ్ళ సంగతేమిటి? వాళ్ళ నెత్తి మీద పగలూ రాత్రీ అప్రదక్షిణం జరుగుతూ ఉంటుంది కదా?"

భీమేశ్వరరావు గారు పంచాంగం తిరగేయడం మొదలుపెట్టారు. రసజ్ఞ మాత్రం ఉలిక్కిపడి, "నిజమే సార్! పొరను కింద నుంచి చూడటం, వోల్టేజితో తిప్పి చూడటం ఒకటే" అంది. అది సైన్సు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగో అంతస్తులో జీతాల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ ఉంది. ఈ మాట లిఫ్టులో దిగి మధ్యాహ్న భోజనం వేళకు వాళ్ళ దాకా చేరింది. వాళ్ళ హెచ్ఆర్ నుంచి వెంటనే మెయిలు వచ్చింది. గత నెలలో తమ దగ్గర కొందరు రాజీనామా చేశారనీ, ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో బయటపడని కారణం ఇప్పుడు బయటపడిందనీ, మీ ఎలక్ట్రాన్లను తక్షణం సరిచేయవలసిందనీ అందులో ఉంది. సరి చేస్తే మాకు అప్రదక్షిణం అవుతుందని మేము జవాబు రాశాం. ఆరో అంతస్తులోని జిమ్ వారు, మాకు ఎవరూ ఏమీ చెప్పలేదేమని అలిగారు. చివరకు భవన యజమాని కలగజేసుకుని, పై అంతస్తు, కింది అంతస్తు రెండూ అభ్యంతరం లేదని రాసి ఇచ్చేదాకా ఈ కట్టడంలో ఏ ఎలక్ట్రానునూ శాశ్వతంగా ఒక వైపు తిప్పడానికి వీల్లేదని లిఫ్టు దగ్గర నోటీసు అంటించారు.

శుక్రవారం ముహూర్తం అలా దాటిపోయింది. కాయ మిగిలింది. జయమ్మకు ఇద్దామని తీశాను. ఇంతలో నోటీసు దోషం పోవడానికి ఉదయ్ భాస్కర్ గారు లిఫ్టు దగ్గర కొట్టించారు.

"మళ్ళ కొట్టిన్రా!" అంది జయమ్మ, చీపురుతో చిప్పలు ఊడుస్తూ. "నా కాయ నీ చేతుల నుంచి నా చేతులకు రానీకి ఎన్ని అంతస్తులు ఎక్కాలె సారూ?"

పొర బతికింది గాని మర్నాడు పెద్దన్న గారికి దాన్ని తిప్పి చూపించడం ఎలా? తిప్పితే దోషం, తిప్పకపోతే పెట్టుబడి రాదు. దారి భీమేశ్వరరావు గారే చూపించారు. నా సందేహాన్ని రాత్రంతా మథించి, పొద్దున్నే అది తన సొంత సిద్ధాంతంగా చేసుకుని వచ్చారు.

"దోషం ఎలక్ట్రానులో లేదు, మన చూపులో ఉంది" అని ప్రకటించారు. "ఒకటి రాసేటప్పుడు అందరం పై నుంచి చూద్దాం. సున్నా రాసేటప్పుడు అందరం కింద నుంచి చూద్దాం. రెండు విధాలా ప్రదక్షిణమే!"

ఉదయ్ భాస్కర్ గారు ఆయన్ని కౌగిలించుకున్నారు. బోర్డు రూములోని పెద్ద బల్లను ప్రయోగశాలలోకి మోయించాను. బల్ల కింద రగ్గు పరిపించాను. దానికి అగరొత్తుల వాసన కూడా పట్టించాం.

పెద్దన్న గారు తెల్లటి బట్టల్లో, నుదుట తిరునామంతో, నెమ్మదిగా వచ్చారు. అనంతపురం వైపు మనిషి. ప్రసంగాలన్నీ ఓపిగ్గా విన్నారు. ఎలక్ట్రానుకు సంస్కారం అన్న చోట తలూపారు. తర్వాత రసజ్ఞ వైపు తిరిగి, "ఏం పాపా, ఇది యాడ చూడాల మేము?" అన్నారు.

పెద్దవారికి తేలిగ్గా కనబడుతుందని ఆమె పాతకాలపు ముల్లు మీటరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. పొర గోరంతదే అయినా ముల్లు బారెడు కదులుతుంది. అందరం చుట్టూ నిలబడ్డాం. ఆమె బటన్ నొక్కి ఒకటి రాసింది. ముల్లు కుడి కొసకు వెళ్ళి నిలబడింది. వోల్టేజి ఇచ్చే వైరు తీసేసింది. ముల్లు అక్కడే ఉండిపోయింది. పెద్దన్న గారు ఊఁ అన్నారు. ఇక రెండో వైపుకు తిరగాలి. అసలు పరీక్ష అదే. అప్పుడు భీమేశ్వరరావు గారు గంట వాయించారు, అందరం బల్ల కిందికి వెళ్ళాం.

ఉదయ్ భాస్కర్ గారు సూటుతో దూరారు. భీమేశ్వరరావు గారు పంచె సర్దుకుని పాకారు. క్వాలిటీ, మార్కెటింగ్ విభాగాల పెద్దలు ఒకరి మోచేతులు ఒకరికి తగులుతుండగా వెల్లకిలా పడుకున్నారు. పెద్దన్న గారు మాత్రం వంగి చూసి, "నేను పట్టేది కష్టమబ్బా" అన్నారు. "మీ వాటా స్థలం ఉంచాం సార్" అని లోపలి నుంచి ఉదయ్ భాస్కర్ గారి గొంతు వినిపించింది. స్థలం అన్న మాట వినగానే ఆయన కూడా వచ్చేశారు. చివరగా నేను.

"ఇస్తున్నానండీ" అంది పై నుంచి రసజ్ఞ. ఆమె చీలమండలు, బల్ల పక్కన ఆగిన జయమ్మ చెప్పులు మాత్రమే మాకు కనబడుతున్నాయి.

చిన్న టిక్కుమన్న చప్పుడు.

"కనిపిస్తా ఉందా?" అన్నారు పెద్దన్న గారు.

"స్పష్టంగా సార్!" అన్నారు ఉదయ్ భాస్కర్ గారు. "ఎంత పద్ధతిగా వెళ్తున్నాయో చూడండి."

భీమేశ్వరరావు గారు చేతులు జోడించారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మార్కెటింగ్ ఆయన ఫోనుతో వీడియో తీశారు. బల్ల అడుగున ఎవరో అంటించిన బబుల్‌గమ్ ముద్ద ఒకటి నాకు కనబడింది. అంతకు మించి ఏమీ కనబడలేదు. నా భక్తిలో లోపం ఉండి ఉంటుంది.

అందరం బయటికి పాకి దుమ్ము దులుపుకున్నాం. అభినందనలు మొదలయ్యాయి. పెద్దన్న గారు మాత్రం నడుం పట్టుకుని నిలబడి, "అంతా బాగుండాది గానీ" అన్నారు. "అది నిజంగా తిరిగినట్టు పైనుంచి ఎవురు చూసినారు? మేమంతా కిందనే ఉంటిమి కదా."

రసజ్ఞ ముఖం పాలిపోయింది. తన మాట తనకే సాక్ష్యం కాదని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళ కష్టం ఫలించిన ఆ ఒక్క క్షణంలో సంస్థలోని చదువుకున్న వారందరూ బల్ల కింద ఉన్నారు.

"నేను చూసిన" అంది జయమ్మ. ఆమె చేతిలో టీ కప్పుల ట్రే ఉంది. "చాయ్ తెచ్చిన. మనుషులు లేరు, కాళ్ళే ఉన్నయ్. ఇగ ఏం జెయ్యాలె, గా ముల్లునే చూస్కుంట నిలబడ్డ. గీ దిక్కున ఉండె, టప్పున గా దిక్కు వోయింది. పాప వైరు పీకింది. మళ్ళ చూస్తే ఆడనే ఉన్నది."

"వైరు పీకినాక కూడానా?"

"ఇంక గట్లనే ఉన్నది, చూడు రాదు సారూ. చాయ్ సల్లారిపోతున్నది."

పెద్దన్న గారు మీటరు మీదికి వంగి చాలాసేపు చూశారు. ముల్లు ఎడమ కొసన ఉంది, కదలలేదు. "అయ్యప్పా!" అన్నారు చివరకు. "రిజిస్ట్రేషన్ అయినాక కూడా మాట మీద ఉండరు మావోళ్ళు. కరెంటు పీకేసినా ఇది మాట తప్పలేదే!" అని టీ అందుకుని, కాయితాలు తెమ్మన్నారు. సమావేశ నివేదికలో జయమ్మ పేరు ఎదుట స్వతంత్ర పరిశీలకురాలు అని రాశాం. మర్నాడు కూడా ఆమె టీయే ఇచ్చింది.

పొయ్యి మిగిలింది. పొర మిగిలింది. సలాడ్ కౌంటరు ఆరో అంతస్తు జిమ్‌కు తరలిపోయింది. నాలుగో అంతస్తు వారితో ఒప్పందం కుదిరింది. ఉదయం మాకు ప్రదక్షిణం, మధ్యాహ్నం వారికి. ఆ లెక్కన రసజ్ఞకు పొరను రోజూ తిప్పే అవకాశం వచ్చింది, ఆమె పరిశోధనకు అంతకన్నా కావలసింది లేదు. భీమేశ్వరరావు గారు దృష్టి సిద్ధాంతం మీద మూడు కాలేజీల్లో ఉపన్యసించారు. ఉదయ్ భాస్కర్ గారికి సంప్రదాయ సాంకేతికతకు గాను ఒక హోటల్లో అవార్డు ఇచ్చారు. ఆయన దాన్ని అందుకుంటూ, "మా శాస్త్రవేత్తల బృందం" అన్నప్పుడు రసజ్ఞ వెనక వరసలో లేచి నిలబడింది. ఆ వరస వైపు లైట్లు లేవు.

సున్నా రాసేటప్పుడు బల్ల కిందికి వెళ్ళడం మా సంస్థలో నియమం అయింది. కొత్తగా చేరిన వారికి మొదటి రోజే శిక్షణ ఇస్తున్నాం. మోకాళ్ళ నొప్పులున్న వారికి డాక్టరు చీటీ మీద మినహాయింపు. ఎందుకు వెళ్ళాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు, రగ్గు ఇంకాస్త మెత్తగా ఉంటే బాగుంటుందని మాత్రం అభిప్రాయ సేకరణలో రాశారు. మొన్న ఒక మధ్యాహ్నం ప్రయోగశాల తలుపు తీస్తే రసజ్ఞ ఒక్కతే ఉంది. బటన్ నొక్కే ముందు ఆమె తల వంచి బల్ల కిందికి ఒకసారి తొంగి చూసింది.

"ఎవరూ లేరు కదమ్మా, నీకెందుకు?" అన్నాను.

ఆ అమ్మాయి సిగ్గుపడింది. "అలవాటైపోయిందండీ. చూడకుండా నొక్కితే పని చెయ్యదేమో అని ఒక అనుమానం."

ఆ అనుమానం పుట్టింది నా దగ్గర కనుక, ఏమైనా అనే హక్కు నాకు లేదనిపించింది.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం గట్టిగా నిశ్చయించుకున్నాను. కాయను ఆఫీసు గుమ్మం తొక్కనివ్వకూడదు. సాయంత్రం పని అయ్యాక తిన్నగా ఖాజాగూడ వెళ్ళి, గుట్టల మొదట్లో మంచి కాయ ఒకటి కొన్నాను. చెవి దగ్గర ఊపి చూశాను, నీళ్ళున్నాయి. అక్కడి మైసమ్మ పెద్ద బండరాయిని ఆనుకుని ఉంటుంది. చుట్టూ తిరగడానికి దారి లేదు. ఉన్నచోటే నిలబడి తన చుట్టూ తాను తిరగాలి. జయమ్మ అప్పటికే వచ్చి ఉంటానంది.

జీతాలు పెంచే అప్రైజళ్ళ కాలం కావడంతో గుడి ముందు జనం బాగానే ఉన్నారు. మెడలో ఐడీ కార్డులు, వీపున ల్యాప్‌టాప్ సంచులు. నేను కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, కుడి వైపు తిరగబోతున్నాను. సరిగ్గా అప్పుడే ఎడమ వైపు నుంచి కేక వినిపించింది.

"సారూ! గిటు, గిటు! కాయ తెచ్చినవా?"

అలవాటున అటు తిరిగాను. సగం తిరిగాక పొరపాటు తెలిసింది. అమ్మవారి ఎదుట సగంలో ఆగి వెనక్కి తిరగడం మర్యాద కాదు. వచ్చిందే వచ్చాం అని అదే వైపు పూర్తి చేశాను. చిన్నప్పటి నుంచి ఇన్ని గుళ్ళలో తిరిగిన నేను అప్రదక్షిణం చేయడం అదే మొదటిసారి. ఏమీ జరగలేదు. ఆకాశం, అద్దాల భవనాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

జనాన్ని తప్పించుకుని వెళ్ళి కాయను జయమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వేలితో కొట్టి చూసి, కొంగుతో తుడిచి, బండ మీద ఒక్క దెబ్బ వేసింది. సరిగ్గా సగానికి పగిలింది. లోపల తెల్లగా ఉంది.

"ఇగ నీకు నాకు చెల్లు సారూ. మైసమ్మకు నీ పేరు కొట్టెయ్యమని చెప్త" అంది. ఒక చిప్పను నా చేతికిస్తూ నా భుజం మీదుగా వెనక్కి చూసింది. "గానీ, గాళ్ళంత గట్ల ఉల్టా తిరుగుతున్నరేంది?"

వెనక్కి తిరిగి చూశాను. నా వెనకాల ఉన్న కుర్రాడు ఎడమకు తిరుగుతున్నాడు. అతని వెనకాల అమ్మాయి అటే. ఆ వెనకాల వరసంతా, సంచులు ఊగుతుండగా, కళ్ళు మూసుకుని, ఎంతో పద్ధతిగా అటే తిరుగుతోంది. కొత్తగా బైకు దిగి వచ్చినవాడు చెప్పులు విప్పి, ముందున్నవాళ్ళను ఒక్క క్షణం గమనించి, వాళ్ళలాగే మొదలుపెట్టాడు.

"ఆపు రాదు సారూ, నువ్వే కదా షురూ జేసినవ్."

"అది అడ్మిన్ పరిధిలోకి రాదమ్మా" అన్నాను. నా బాకీ తీరిపోయింది కనుక, చిప్పలోంచి కొబ్బరి ముక్క ఒకటి తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను.